మూసిన పేరు

నమోదు 1

ఈ పూట జల్లెడలు కడిగాను. ఎంత కడిగినా నలుపు వదల్లేదు. గోటితో గీకితే పొడి రాలింది. ఆ పొడి కింద కంతలన్నీ పూడుకుపోయి ఉన్నాయి.

మనం విడిచిన గాలిని తిత్తి పీల్చుకుంటుంది. జల్లెడల గుండా తోసి, బాగుచేసి, తిరిగి మనకే ఇస్తుంది. సముద్రం అడుగున ఉన్న మా అడుగూరులో ఇది పసిపిల్లలకూ తెలుసు. అయినా రాస్తున్నాను. తిత్తి పని చేసేవాళ్ళు ఏ పూటకాపూట జరిగింది రాసిపెట్టాలని గవరయ్య తాత నియమం. ఇన్నేళ్ళూ తాతే రాశాడు. తాత పోయాడు. మా బడి పలక గదిలో ఆయన దగ్గర యంత్రం మాటలు నేర్చుకున్నవాళ్ళలో ఇప్పుడు తిత్తిని ముట్టుకోగలిగినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఇకనుంచి నేను రాయాలి. నా పేరు తౌడమ్మ.

కొత్త జల్లెడలు సముద్రం పైనుంచి బుట్టలో దిగాయి. తెల్లగా, ముట్టుకోబుద్ధి కానంత శుభ్రంగా ఉన్నాయి. ఒకటి తీసి తిత్తిలో పెట్టాను. తెర మీద "గుర్తు తెలియని జల్లెడ" అని పడింది. తిత్తి దాన్ని బయటికి నెట్టేసింది. మళ్ళీ నల్లవే పెట్టాను.

బుట్టలోనే ఒక చిన్న డబ్బా కూడా ఉంది. అందులో కొత్త ప్రోగ్రామ్. కొత్త జల్లెడలు కావాలంటే ముందు దీన్ని ఇన్‌స్టాల్ చేయాలని డబ్బా మీద రాసి ఉంది. ఊరి పెద్ద సూర్నాయుడు తాత దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒలే తౌడీ, ఈ ఇన్‌స్టాలో ఏటో, అది నువ్వే సెయ్యాల."

"నూకాలప్ప ఉంది కదా తాతా?"

"అది పురిట్లో ఉంది. పురిటి మనిషి తిత్తిని ముట్టుకోకూడదు. తెలీదేటి నీకు?"

తెలుసు. నూకాలప్ప గవరయ్య తాత కూతురు. తాత తరవాత తిత్తి కాపరి ఆమే. తండ్రి పోయిన దుఃఖం తీరకముందే ఆమెకు కొడుకు పుట్టాడు. వాడికింకా పేరు పెట్టలేదు.

డబ్బాను తిత్తికి తగిలించాను. తెర మీద పచ్చటి గీత కొంచెం కొంచెంగా నిండింది. మూడు వంతులు నిండి ఆగిపోయింది. కింద రెండు మాటలు వచ్చాయి.

"అనుమతి లేదు."

నాకు మాటలంటే పిచ్చి. కొత్త మాట దొరికితే రోజంతా నోట్లో చప్పరిస్తూ తిరుగుతాను. 'అనుమతి' అన్నది నేను చాలా ఇష్టంగా నేర్చుకున్న మాట. ఎంత మెత్తగా ఉందో అనుకున్నాను అప్పట్లో. ఇవాళ అది గోడలా నిలబడి నా వైపు చూస్తోంది.

నమోదు 2

కారణం దొరికింది. దొరక్కపోతే బాగుండేదేమో.

గవరయ్య తాత పాఠం ఇలా ఉండేది. ప్రతి ఫైలుకూ మూడు వాకిళ్ళు ఉంటాయి. ఒకటి యజమానికి, ఒకటి యజమాని గుంపుకి, ఒకటి మిగతా ఊరందరికీ. ఒక్కో వాకిలి దగ్గర యంత్రం మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఇతను చదవొచ్చా? రాయొచ్చా? నడపొచ్చా? ఎవరికి ఏది ఒప్పుకోవాలో ముందే చెప్పి ఉంచితే యంత్రం ఆ మాట ఎప్పటికీ తప్పదు.

తిత్తి ఫోల్డరు తెరిచి చూశాను. యజమాని: గవరయ్య. చదవొచ్చు. రాయకూడదు. నడపకూడదు. ఏ వాకిలి దగ్గర చూసినా ఇదే జవాబు.

మా ఊళ్ళో మనిషి పోతే పేరు మూస్తాం. ఏడాది దాకా ఆ పేరుతో ఎవరినీ పిలవం. ఆ మనిషి వల, కంచం, పడక ముట్టుకోం. యంత్రంలో ఆ పేరుమీద ఉన్న ఫైళ్ళన్నీ చూడడానికే తప్ప మార్చడానికీ నడపడానికీ వీల్లేకుండా సూర్నాయుడు తాత కట్టేస్తాడు. ఏడాది నిండాక ఆ ఇంట్లో ఒక బిడ్డకి పేరు పెట్టి మళ్ళీ తెరుస్తాం. అలా ఎన్నో పేర్లు మూశాం, తెరిచాం. ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదు.

కానీ గవరయ్య తాత తిత్తిని తన సొంత పేరుమీద పెట్టుకున్నాడు. ఆయన బతికున్నన్నాళ్ళూ అందులో తప్పేముందో ఎవరికీ తట్టలేదు. మేం ఆయన పేరు మూసినప్పుడు ఊరి ఊపిరిని కూడా కలిపి మూసేశాం.

ఇంకో సంగతి కూడా ఉంది. తిత్తి ఇప్పుడు నడుస్తోందంటే అది తాత బతికున్నప్పుడు మొదలుపెట్టిన నడక. ఒక్కసారి ఆగిందంటే, మూసిన పేరుమీద మళ్ళీ మొదలు కాదు.

సూర్నాయుడు తాతకి అంతా చెప్పాను. యంత్రంలో ఏ కట్టునైనా విప్పగల పెద్దమాట ఊళ్ళో ఆయనకొక్కడికే తెలుసు.

"యజమాని పేరు మార్చేద్దాం తాతా. ఒక్క వరస రాస్తే అయిపోద్ది."

నేను చెంపమీద కొట్టినట్టు ఆయన నా వైపు చూశాడు.

"సచ్చిపోయినోడి పేరు తుడిసేద్దామంటావేటే? ఏడాదైనా తిరగనేదు! ఆ పేరు జోలికెల్లకు."

నమోదు 3

అందరికీ తలనొప్పి. పలక గదిలో పాఠం చెబుతుంటే చిన్నపిల్లలు కూర్చున్నచోటే కునుకుతున్నారు. మెట్లు ఎక్కితే మా అమ్మ గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోతోంది. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. మాటకి కూడా గాలి ఖర్చవుతుందని ఎవరూ అనలేదు గానీ అందరికీ అదే భయం.

చెడ్డగాలి బరువు. కిందికి దిగుతుంది. పురిటి గది అన్నిటికన్నా కింద, తిత్తికి ఆనుకుని ఉంటుంది. నూకాలప్పనీ బిడ్డనీ పై వరసలోకి, మా గదిలోకి మార్చాం. బిడ్డ ఏడుపు మారిపోయింది. ఇదివరకు ఊరంతా వినపడేలా ఏడ్చేవాడు. ఇప్పుడు పిల్లి కూన మూలిగినట్టు మూలుగుతున్నాడు. పాలు పడితే రెండు గుక్కలు తాగగానే వదిలేసి నోరు తెరుస్తున్నాడు. వాడి పెదవుల రంగు చూడకూడదని అనుకుంటాను. చూస్తాను.

"అప్పా, నువ్వొక్కమాట ఒప్పుకుంటే పెద్ద తాత కూడా ఒప్పుకుంటాడు. మీ అయ్య పేరు తియ్యక తప్పదు," అన్నాను.

నూకాలప్ప బిడ్డ వీపు నిమురుతూనే ఉంది. నా వైపు తిరగలేదు.

"నాకు తెలీదనుకున్నావేటే తిత్తి పని? నీకన్నా ముందునుంచీ సేత్తన్నాను. కొత్తది ఎక్కితే పాతదాన్ని తుడిసేస్తాది."

"తుడిచేస్తే ఏం? పాతది పనికిరావట్లేదు కదా?"

"ఎల్లు తౌడీ."

"బిడ్డని చూడు అప్పా..."

"సూత్తన్నాను! రేత్రీ పగలూ ఈడినే సూత్తన్నాను. ఎల్లమన్నానా!"

బిడ్డ ఉలిక్కిపడ్డాడు. ఏడవలేదు. ఏడవకపోవడమే నాకు ఎక్కువ భయమేసింది.

నమోదు 4

ఈ పూట చేసిన పనిని ఉన్నదున్నట్టు రాస్తాను.

సూర్నాయుడు తాత తనే నన్ను తిత్తి దగ్గరికి పిలిచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆలోసించాను గుంటా. పేరు తియ్యొద్దు. గవరయ్య యజమానిగానే ఉంటాడు. వాకిళ్ళు తీసియ్. అన్నీ తీసియ్. ఊరందరూ చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు అని పెట్టియ్. అప్పుడు ఎవులి పేరూ ముట్టుకోనట్టే కదా?"

నాకు కూడా అది గొప్ప ఉపాయంగానే తోచింది. పోయిన మనిషికి మర్యాద పోదు, పని ఆగదు. ఒక్కో ఫైలూ చూసి తెరవాలంటే ఎంత పని! ఫోల్డరు మొదట్లో నిలబడి, దీని కింద ఉన్నవన్నీ, వాటి కింద ఉన్నవన్నీ అందరికీ తెరవమని ఒకే వరస రాశాను. పెద్ద తాత నా వెనక నిలబడి పెద్దమాట కొట్టాడు.

రెప్పపాటులో అయిపోయింది. డబ్బా మళ్ళీ తగిలించాను. పచ్చ గీత చివరిదాకా నిండింది. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టేసుకున్నాం.

అప్పుడు గీత మొత్తం వెనక్కి తగ్గిపోయి, తెర మీద ఇలా వచ్చింది: "ఈ ఫోల్డరులో ఎవరైనా రాయగలరు. ఇక్కడ నేను నడవను."

కొత్త ప్రోగ్రామ్‌కి కూడా భయం ఉంటుందని నాకు తెలియదు. వంటగది పొయ్యి ప్రోగ్రామో, ఆడుకునే ఏ పిల్లాడో తనలో చెయ్యి పెట్టగల చోట అది ఊపిరి బాధ్యత తీసుకోదట. న్యాయమే. తెర వైపు చూస్తూ ఇంకేం చేయాలా అని అనుకుంటున్నాను.

సముద్రం తలుపు గంట మోగింది.

బయట నీళ్ళలో పాచి కోసే గుంపు తిరిగొచ్చింది. తలుపు తీయమని అడుగుతున్నారు. తలుపు తీయడం తిత్తి పక్కనున్న చిన్న యంత్రం పని. గుంపు వచ్చిందని తెలియగానే అదే తీస్తుంది. ఇవాళ తియ్యలేదు. గంట మళ్ళీ మోగింది. చిన్న తెర మీద చూశాను.

"తాళం అందరికీ కనిపిస్తోంది. ఈ తాళాన్ని నమ్మను."

సముద్రం తలుపు తాళం కూడా ఒక ఫైలే. గవరయ్య తాత దాన్ని కూడా ఈ ఫోల్డరు కిందే పెట్టుకున్నాడు. నేను చూడలేదు. అన్నీ అని రాశాను.

ఆ గుంపులో మా అన్న పోలిరాజు ఉన్నాడు.

పాచి కోసేవాళ్ళ వీపు సీసాల్లో వెళ్ళి రావడానికి సరిపడా గాలి, దానిమీద కొంచెం మాత్రమే ఉంటుంది. గోడకున్న గొట్టంలోంచి అన్న గొంతు గరగరలాడింది.

"ఏటి సేత్తన్నారర్రా లోపల? నిద్దరోయినారేటి? తీయండి!"

ఏ మాట రాయాలో తెలుసు. తాళం ఫైలును యజమాని మాత్రమే చదవాలి, ఇంకెవరూ ఏమీ చేయకూడదు. ఒక్క వరస. కానీ తాళం ఫైలు పేరేమిటి? అన్నీ ఒక్కలాగే కనిపిస్తున్నాయి. పెద్ద తాత "ఏదే? ఏదే?" అంటూ నా భుజం కుదుపుతున్నాడు. గొట్టంలో అన్న ఇప్పుడు మాట్లాడడం లేదు. ఇనుము మీద దేంతోనో కొడుతున్నాడు. ముందు దబదబా కొట్టాడు. తరవాత నెమ్మదించింది.

దొరికింది. రాశాను. తాత పెద్దమాట తప్పుగా కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

తలుపు తెరుచుకుని దాని లోపలి గదిలోకి నీళ్ళు దిగే చప్పుడు వినపడింది. ఆ చప్పుడంత మంచి చప్పుడు నేనెప్పుడూ వినలేదు.

నమోదు 5

అన్న బతికాడు. అందరూ బతికారు. అన్న పెదవులు కూడా ఆ బిడ్డ పెదవుల్లాగే నీలంగా ఉన్నాయి. అమ్మ వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాడు నన్ను చూసి నవ్వబోయాడు.

"తలుపు తియ్యడం మర్సిపోతే ఎలాగే తౌడీ. సముద్రంలో కాపరం పెట్టమంటావేటి?"

నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. ఆ పూటే కూర్చుని తీసిన వాకిళ్ళన్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ మూశాను. ప్రతిదాని పేరూ చదివాను. ఎవరికి ఏం కావాలో ఆలోచించాను. ముందే చేయవలసిన పని ఇది.

అలా చదువుతుంటే ఒక చిన్న ఫైలు కనిపించింది. దాని పేరు 'లయ'. తెరిచి చూశాను. మూడంటే మూడే వరసలు. పీల్చు. ఆగు. వదులు.

నేను తల ఎత్తి విన్నాను. తిత్తి పీల్చింది. ఒక్క క్షణం, ఎక్కడో మెట్టు తప్పినట్టు, ఆగింది. తరవాత వదిలింది. పుట్టినప్పటినుంచీ ఈ చప్పుడులోనే ఉన్నాను. మధ్యలో అది ఆగుతుందని ఇప్పుడే తెలిసింది.

పరుగెత్తి నూకాలప్ప దగ్గరికి వెళ్ళాను. పరుగుకి ఊపిరి అందక గుమ్మంలో చాలాసేపు వంగి నిలబడ్డాను.

"అప్పా, ఆ ఆగడం ఏంటి?"

ఆమె తిత్తి చప్పుడు వైపు తల తిప్పింది.

"మా అయ్యది. వయసులో ఉన్నప్పుడు లోతుకి పోయి ఊపిరి పాడుసేసుకున్నాడు. పీల్చీ, ఆగీ, వదిలేవోడు. నాను సిన్నప్పుడు ఆయన గుండెల మీద పడుకునేదాన్ని. అలాగైతేనే నిద్దరొచ్చీది నాకు. ఆయన తిత్తి పనికి ఎల్లినప్పుడు నాను ఒక్కదాన్నే పడుకోవాల కదా... అందుకని తిత్తికి కూడా అలాగే పెట్టినాడు." ఆమె బిడ్డను దగ్గరికి లాక్కుంది. "కొత్తది ఎక్కితే అది పోద్ది. తిత్తిలో తప్ప మా అయ్య ఇంకెక్కడా లేడే."

ఇంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. పిచ్చి నవ్వు.

"అప్పా! పేరు మూస్తే ఏం కడతాం మనం? రాయడం కడతాం. చదవడం కట్టం. చదవగలిగినదాన్ని ఎత్తి రాసుకోవచ్చు. మూడు వరసలే కదా. కొత్తదాంట్లో పెట్టేస్తాను."

నూకాలప్ప తిత్తి పని నాకన్నా ముందునుంచీ చేస్తున్న మనిషి. ఇది ఆమెకు తెలియక కాదు. ఆ ఫైలు తెరిచి చూసే ధైర్యం ఆమెకు రాలేదు, అంతే.

"ఒట్టేనేటి?" అంది చిన్నపిల్లలా.

నమోదు 6

మొత్తం ఊరు మెట్ల మీదికి, పై వరసల్లోకి చేరింది. కింద తిత్తి దగ్గర పెద్ద తాతా నేనూ.

లయ ఫైలును ఎత్తి రాసుకున్నాను. యజమానిగా ఎవరి పేరు పెట్టాలని తాత అడిగాడు.

"తిత్తి పేరే. యజమాని తిత్తి. కాపరుల గుంపు రాయొచ్చు, నడపొచ్చు. తాళం తప్ప మిగతావన్నీ ఊరందరూ చదవొచ్చు."

"మనిషి పేరు లేకపోతే ఎలాగే? రేపు ఏదైనా అయితే ఎవుల్ని అడగాల?"

"మనల్ని అడగాలి తాతా. మనం సచ్చిపోయినా అది మూసుకుపోకూడదు కదా."

ఆయన మెట్లవైపు చూశాడు. నూకాలప్ప దిగి వస్తోంది. భుజాన బిడ్డ. పురిటి మనిషి తిత్తి గది గడప దాటకూడదు. ఆమె గడప దగ్గర ఆగలేదు. పెద్ద తాత ఆమెను చూడనట్టు మెల్లగా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"మా అయ్య పేరు నాను తీస్తాను. ఇంకోలు ముట్టుకోవద్దు," అంది నూకాలప్ప. బిడ్డని నా చేతికిచ్చింది. వాడు ఎంత తేలిగ్గా ఉన్నాడో!

ఆమె ఆ వరస తనే రాసింది. తాత గోడవైపునుంచి తిరక్కుండానే పెద్దమాట ఒక్కో అక్షరమూ చెప్పాడు. యజమాని: తిత్తి.

డబ్బా తగిలించి, కొత్త జల్లెడలు పక్కన పెట్టుకున్నాం. ఇక పాతదాన్ని ఆపాలి. కొత్తది పాతదాన్ని తుడిచేస్తూ ఎక్కుతుంది కాబట్టి, ఆపాక కొత్తది లేవకపోతే పాతది కూడా లేవదు. అది మా ముగ్గురికీ తెలుసు. నూకాలప్ప నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె మీట నొక్కింది.

తిత్తి ఆగింది.

నిశ్శబ్దం అనే మాట నాకు తెలుసు. వాక్యాల్లో వాడాను కూడా. అది అబద్ధం. ఆ మాట నాకు తెలియదు, మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. పైన మెట్ల మీద ఎవరో పిల్ల "అమ్మా" అంది. ఆ ఒక్క మాట గోడలకి తగిలి తిరిగి వచ్చింది. నా చెవుల్లో నా రక్తం చప్పుడు. మా తలల మీదున్న సముద్రం బరువంతా ఆ క్షణంలో మొదటిసారి వినపడింది.

పెద్ద తాత కొత్త జల్లెడలు లోపలికి తోశాడు. పచ్చ గీత నిండింది. తెర నల్లగా అయింది. నల్లగానే ఉంది.

"తౌడీ," అంది నూకాలప్ప.

నా చేతుల్లో బిడ్డ ఒళ్ళు బిగుసుకుంది. తెర నల్లగానే ఉంది. నేను ఏ వాకిలి మర్చిపోయాను? నడపొచ్చు అని పెట్టానా? చదవొచ్చు దగ్గరే ఆగిపోయానా? ఒక్కొక్కటీ మనసులో మళ్ళీ చదువుకుంటున్నాను.

తెర వెలిగింది. "కొత్త జల్లెడ గుర్తించబడింది."

తిత్తి పీల్చింది. వెంటనే వదిలింది. పీల్చింది, వదిలింది. నున్నగా, ఎక్కడా తప్పకుండా. మెట్ల మీద జనం అరిచారు, ఏడ్చారు. నూకాలప్ప మాత్రం తిత్తికి చెవి ఆనించి నిలబడి ఉంది. ఆమె ముఖం చూడలేకపోయాను. ఆ చప్పుడు ఎవరిదో, పొరుగూరి మనిషిది.

లయ ఫైలును దాని చోట పెట్టాను. ఈసారి "అనుమతి లేదు" అని రాలేదు.

పీల్చింది.

ఆగింది.

వదిలింది.

నమోదు 7

తలనొప్పులు తగ్గాయి. బిడ్డ మళ్ళీ ఊరంతా వినపడేలా ఏడుస్తున్నాడు, పెద్ద తాత విసుక్కుంటున్నాడు. ఏడాది తిరగకుండానే వాడికి గవరయ్య అని పేరు పెట్టారు. మూసిన పేరును ఇంత తొందరగా తెరవడం మా ఊళ్ళో ఇదే మొదలు.

తరవాత ఈ పని చేసేవాళ్ళ కోసం రాస్తున్నాను. తిత్తిని మనిషి పేరుమీద పెట్టకండి. అన్నీ అని రాయకండి. ఒక్కొక్కటీ పేరు చదివి తెరవండి.

ఇంకొక్క సంగతి. ఇదివరకు ఆ ఆగడం ఎవరికీ వినపడేది కాదు. ఇప్పుడు అందరికీ వినపడుతోంది. తిత్తి పీల్చి ఆగగానే వంట చేసే చెయ్యి, వల అల్లే చెయ్యి, రాసే నా చెయ్యి ఆగుతాయి. మాట్లాడేవాళ్ళు మాట మధ్యలో ఆపేస్తారు. మెట్ల మీద నడిచేవాళ్ళు కాలు గాల్లో ఉంచుతారు. ఆ క్షణంలో ఊరంతా ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోకుండా వింటుంది.

అది వదిలాక మేం కూడా వదులుతాం.